పల్లెబడి గది ఎవరిది?

ఇంగ్లండు పల్లెసీమలలో తిరిగేవారికి, చర్చికి కూతవేటు దూరంలో, ఒక తీరు భవనం తరచుగా కనబడుతుంది. నిట్టవాలుగా దిగిన కప్పు, కప్పు కొసన ఒక చిన్న గంటగూడు, చర్చి కిటికీలను తలపించే కొనదేలిన కిటికీలు, గోడలో పొదిగిన రాతిమీద పందొమ్మిదవ శతాబ్దపు సంవత్సరమొకటి. వాకిళ్ళు రెండు, ఒకదానిపై 'బాలురు' అనీ, రెండవదానిపై 'బాలికలు' అనీ చెక్కి ఉంటుంది. లోపలినుంచి మాత్రం ఎక్కాల వల్లింపు వినబడదు. ఒక ఊళ్ళో ఆ గోడలమధ్య గ్రామ మహిళాసంఘం సమావేశమై ఉంటుంది. మరొక ఊళ్ళో పూలమొక్కల ప్రదర్శన జరుగుతూ ఉంటుంది. వేరొక ఊళ్ళో తలుపులు బిగించి, కిటికీలకు తెరలు దించి, వాకిట ఒక కుటుంబంవారి కారు నిలిచి ఉంటుంది.

విక్టోరియా రాణి కాలంనాటి ఈ పల్లెబడులు ఇట్లా రూపాంతరం చెందటం చూసి నిట్టూర్చేవారు ఆ దేశంలో ఎందరో ఉన్నారు. బడి మూతపడిన పల్లె సగం చచ్చిన పల్లె అని వారి మాట. అందులో నిజం లేకపోలేదు. అయితే భవనం సంగతి వేరు. బడిగది గ్రామ సభామందిరంగా మారినచోట ఆ కట్టడానికి అపచారమేమీ జరగలేదు. పుట్టుకతోనే అది ఏ పనికి తగి ఉన్నదో ఆ పనికే పూర్తిగా వచ్చినది. విచారించవలసినది అది ఒకరి సొంత ఇల్లయినచోట.

ఈ మాట నిలవాలంటే ఆ గది స్వరూపం తెలియాలి. ఆనాటి పల్లెబడి అంటే ప్రధానంగా ఒకే ఒక పెద్ద గది. నేటివలె తరగతికొక గది ఉండవలెనన్న ఊహ అప్పటివారికి లేదు. ఎందుకు లేదన్న ప్రశ్నకు సమాధానం కొంతవరకు మన మదరాసులో దొరుకుతుంది. స్కాట్లండు దేశీయుడైన ఆండ్రూ బెల్ 1789లో ఎగ్మూరులోని సైనికుల అనాథబాలుర ఆశ్రమానికి అధికారి అయినాడు. ఆ పరిసరాలలోని దేశీయ బడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దుతుండగా అతడు చూసినాడు. మనవారు గుంట ఓనమాలంటారే, అదే. పెద్దపిల్లలచేత చిన్నపిల్లలకు చెప్పించే పద్ధతిని ఆ ఆశ్రమంలో నెలకొల్పి, స్వదేశం చేరి 1797లో దానిని గురించి ఒక చిన్న గ్రంథం ప్రకటించినాడు. వీధిబడిలో చట్టాంబిళ్ళను ఎరిగిన తెలుగువారికి ఇందులో వింతేమీ కనబడదు. ఇంగ్లండుకు మాత్రం అది కొత్త శాస్త్రమైనది. 'మదరాసు పద్ధతి' అన్న పేరే దానికి స్థిరపడినది. ఇంచుమించు ఆ రోజులలోనే జోసెఫ్ లాంకాస్టర్ లండనులో ఇటువంటి పద్ధతినే నడిపినాడు. తొలి గౌరవం ఎవరిదని ఇరుపక్షాలవారూ చాలాకాలం తగవులాడుకున్నారు. ఆ తగవులో ఇసుకలో వేలు పెట్టి దిద్దిన మదరాసు పిల్లల పేరెత్తినవారు అరుదు.

ఒక్క ఉపాధ్యాయుడు, ఆయన కింద పదిమంది చట్టాంబిళ్ళలు, వారి కింద నూరుమంది పిల్లలు. అందరూ ఒకేసారి ఆయన కంటికి ఆనవలె. అడ్డుగోడ ఉంటే పద్ధతి చెడుతుంది. కనుక విశాలమైన ఏకశాల అవసరమైనది. ఆంగ్లికన్ చర్చివారి నేషనల్ సొసైటీ 1811లో ఏర్పడి బెల్ పద్ధతిని స్వీకరించగా, ఆ ఏకశాల పల్లెపల్లెకూ పాకినది. 1833లో పార్లమెంటు మొదటిసారిగా బడిభవనాల నిర్మాణానికి 20,000 పౌనులు మంజూరు చేసినది. 1839లో ఏర్పడిన విద్యాసంఘానికి కార్యదర్శి అయిన కే-షటిల్‌వర్త్ హయాంలో, మరుసటి ఏడే నమూనా పటాలు వెలువడినవి. 1841 చట్టం భూస్వాములకు ఒక సదుపాయం కల్పించినది: పేదల చదువుకోసం ఎకరానికి మించకుండా నేల దానమీయవచ్చు. ఆ ఎకరాన్ని గురించి ముందు మళ్ళీ ప్రస్తావించవలసి ఉంటుంది.

1846 తరువాత చట్టాంబిళ్ళల స్థానంలో జీతంమీద శిక్షణ పొందే పిల్ల ఉపాధ్యాయులు వచ్చినారు. తరగతులు వేరుపడినవి, గది మాత్రం వేరుపడలేదు. 1851 నాటి ప్రభుత్వ సూచనలు గది పొడవుగా, 18 అడుగుల వెడల్పుకు మించకుండా ఉండాలన్నవి. ఒక గోడవెంట మూడేసి వరుసల బల్లలు గుంపులుగా వేసి, గుంపుకూ గుంపుకూ నడుమ తెరలు వేలాడదీయమన్నవి. తెర దించితే తరగతి, లాగితే శాల. ఆ తెరల వెనుకనుంచి ఒకరి భూగోళంలోకి మరొకరి గుణకారం వచ్చిపడుతూ ఉండేది కాబోలు! తరువాత పిల్లలు పెరిగినకొద్దీ ఒక పక్కన చిన్న తరగతిగది, పసిపిల్లలకు మెట్లమెట్లుగా లేచిన చెక్కవేదిక చేరినవి. 1870 తరువాతి నియమావళి ప్రకారం బిడ్డ ఒక్కంటికి 8 చదరపు అడుగుల నేల, 80 ఘనపుటడుగుల గాలి ఉంటే చాలును. ఈనాటి ఉపాధ్యాయుడు తన మేజా కింద కొలిచి చూసుకుంటే ఆ 8 చదరపు అడుగులు ఎంతో తెలుస్తుంది.

ఈ కట్టడాలకు చర్చి వేషం వేసినది ఊరకే కాదు. నేల ఇచ్చినవాడు జమీందారు, పెత్తనం మతాచార్యునిది, చందాలు చర్చివారివి. కనుక బడి చర్చికి చెల్లెలివలె కనబడటం వారికి సహజంగా తోచినది. బటర్‌ఫీల్డ్, స్ట్రీట్ వంటి గొప్ప చర్చిశిల్పులే పల్లెబడులకు కూడా పటాలు గీసినారు. వారి చేతి చలువ ఇప్పటికీ తెలుస్తుంది: ఆ ప్రాంతపు రాయి, ఆ ప్రాంతపు ఇటుక, లోపల పైకప్పు లేకుండా విడిచిన దూలాలు, కొలతలో పొదుపు, ఆకృతిలో గాంభీర్యం. పక్కనే ఆనుకొని ఉపాధ్యాయునికి చిన్న ఇల్లు. పేదపిల్లలకని కట్టినా పేదరికం ఉట్టిపడేటట్లు కట్టలేదు. ఆ గౌరవం ఆ శిల్పులకు దక్కవలసినదే.

కాని ఆ గోడలలోనే మరొక మనస్సూ ఉన్నది. కిటికీ గట్లు పిల్లల తలలకంటె ఎత్తున పెట్టినారు. వెలుగు లోనికి రావాలి, చూపు బయటికి పోరాదు. పొలం, గుర్రం, వాన, వీధిన పోయే తండ్రి—ఏదీ కంట పడరాదు. ఎత్తైన కప్పు చర్చికి శోభ; పలక పట్టుకున్న పిల్లవాడికి చలి. ఒక కొసన వెలిగే పొయ్యి ఉపాధ్యాయుని వీపునే వెచ్చబెట్టేది. 1862లో రాబర్ట్ లో ప్రవేశపెట్టిన సవరణ నియమావళి ఈ గదులను మరింత ఇరుకు చేసినది. ఇన్‌స్పెక్టరు వచ్చి చదువు, రాత, లెక్కలలో ఒక్కొక్క బిడ్డను పరీక్షించి, తప్పినవారి లెక్కకు గ్రాంటు కోసేవాడు. ఆ కోత ఉపాధ్యాయుని జీతం దాకా పోయేది. ఫ్లోరా థాంప్సన్ 'లార్క్ రైజ్' అన్న గ్రంథంలో అటువంటి బడినొకదానిని చిత్రించినది. ఆమె 1876లో పుట్టినది, ఆక్స్‌ఫర్డుషైరులోని కాటిస్‌ఫర్డు బడిలో చదివినది. ఒకే గది, అన్ని ఈడుల పిల్లలు, ఒక్క ఉపాధ్యాయురాలు, ఇన్‌స్పెక్టరు వచ్చేనాటి వణుకు అందులో చూడవచ్చు. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారు ఆ పుటలు చదవటం మంచిది. పరీక్షాఫలితాన్ని బట్టి జీతం అన్న ఆలోచన ఎంత పాతదో, దానికి ఎవరు మూల్యం చెల్లించినారో అందులో ఉన్నది.

అయినా ఆ గది పిల్లలకే పరిమితం కాలేదు. ఇక్కడే మన ప్రశ్నకు అసలు ఆధారం. 1872 ఫిబ్రవరిలో వార్విక్‌షైరులోని వెల్స్‌బోర్ను గ్రామంలో వ్యవసాయకూలీలు సంఘం పెట్టుకోవాలని జోసెఫ్ ఆర్చ్‌ను పిలిచినారు. అతడూ కూలివాడే. వచ్చిన జనానికి సరిపోయే గది వారికి లేక, చెస్ట్‌నట్ చెట్టు కింద, చీకటిలో సభ జరిగినది. మన పల్లెలో రచ్చబండ దగ్గర సభ జరగటం రివాజు. అక్కడ అది గతిలేనితనం. కూలివాడు కూర్చోదగిన కప్పు ఊళ్ళో ఏది? సత్రంలో సారాయి అంగడి ఉన్నది. చర్చి మతాచార్యునిది. భవనం జమీందారుది. మిగిలినది బడి ఒక్కటే. దాని తాళమూ మతాచార్యుని దగ్గరే!

ఆ తాళాన్ని చట్టం కొద్దికొద్దిగా తీసినది. రహస్య ఓటింగు తెచ్చిన 1872 చట్టమే, ప్రభుత్వపు గ్రాంటు పుచ్చుకునే బడిగదులను ఎన్నికలకు ఉచితంగా వాడుకోవచ్చునన్నది. 1884లో పల్లె కూలీలలో చాలామందికి ఓటు వచ్చినది. మరుసటి ఏడు జోసెఫ్ ఆర్చ్ పార్లమెంటుకు ఎన్నికైనాడు. 1894లో గ్రామసభలను ఏర్పరచిన చట్టం మరొక అడుగు వేసినది: ఊరికి వేరే తగిన గది లేనిచోట, గ్రాంటు పొందే బడిలోని గదిని సబబైన వేళలలో గ్రామసభ అద్దె లేకుండా వాడుకోవచ్చును. మద్యం అమ్మే చోట సభలు జరపరాదని కూడా ఆ చట్టమే అన్నది, గత్యంతరం లేనప్పుడు తప్ప. అంటే 1894 నాటికే బడిగది, పాఠాలు లేని వేళ, చట్టప్రకారం ఊరి సభామందిరం. ఇన్‌స్పెక్టరు ముందు వణికిన పిల్లవాడే పెరిగి పెద్దవాడై ఆ గదిలోనే చేయెత్తి ఓటు వేసినాడు. తరువాతి తరం చేసిన మార్పంతా పాఠాలను తీసివేయటం మాత్రమే.

ఇటువంటి గదులలో ఒకదానిని ప్రత్యేకంగా చెప్పుకోవలసి ఉన్నది. స్కాట్లండు సరిహద్దు దగ్గర, నార్తంబర్లండులోని ఫోర్డు గ్రామంలో 1860లో ఒక బడి కట్టినారు. కట్టించినది లూయీసా వాటర్‌ఫర్డ్ అనే జమీందారిణి. అంతకు ముందటేడే భర్త గుర్రంమీదినుంచి పడి మరణించినాడు. ఆమె ఫోర్డులో స్థిరపడి గ్రామాన్ని తీర్చిదిద్దే పని పెట్టుకున్నది. చిత్రలేఖనంలో చేయి తిరిగిన మనిషి, రస్కిన్‌కు పరిచితురాలు. ఆ 1860లోనే రస్కిన్ 'అన్ టు దిస్ లాస్ట్' వ్యాసాలు పత్రికలో వెలువడినవి. అవే తరువాత గాంధీజీ చేతిలో 'సర్వోదయ' అయినవి. బడిగోడలు బోడిగా ఉండటం ఇష్టంలేక ఆమె వాటిని బొమ్మలతో నింపటానికి పూనుకున్నది. ఇరవై సంవత్సరాలకు పైగా పట్టినది. తడిగోడమీద వేసే పద్ధతి వదిలి, కాగితంమీద నీటిరంగులతో నిలువెత్తు బొమ్మలు వ్రాసి, వాటిని గుడ్డకు అంటించి గోడలకు అమర్చినది.

బొమ్మలన్నీ బైబిలు కథలే: కయీను, హేబెలు, అబ్రాహాము, ఇస్సాకు, యోసేపు, మోషే, బాల సమూయేలు, గొర్రెల కాపరి దావీదు, పిల్లలను దగ్గరకు తీసే యేసు, పండితులమధ్య బాలయేసు. ముఖాలు మాత్రం పాలస్తీనావి కావు. ఆ ఊరి పిల్లలను, వారి తల్లిదండ్రులను కూర్చోబెట్టి వారి పోలికలు దించినది. రైతుకూలి కొడుకు దావీదైనాడు. పొరుగింటి పిల్ల యేసు ఎదుట నిలబడినది. ఒకవిధంగా ఇదీ పైనుంచి దిగిన దయే. ఏ కథ గోడకెక్కాలో నిర్ణయించినది దొరసానియే, ఊరు కాదు. కాని ఆ దయ ఫలితం ఆమె చేతిని మించిపోయినది. మిగతా పల్లెలలో గొప్పింటివారి ముఖాలే గోడలకెక్కే రోజులలో, ఇక్కడ కూలివాని ముఖం ఎక్కినది. తన తాత బొమ్మ కింద కూర్చుని మనుమడు లెక్కలు చేసుకున్న బడి ప్రపంచంలో ఇంకెక్కడున్నదో! 1957లో పిల్లలు వేరే భవనానికి పోయినారు. గది వాటర్‌ఫర్డ్ హాలు అన్న పేరుతో ఊరికి మిగిలినది. ఊరి కార్యక్రమాలకు తెరుస్తారు, చూడవచ్చినవారికీ చూపుతారు. అదే గనుక ఒకరి పడకగది, వంటగదిగా విడిపోయి ఉంటే, తాతల ముఖాలు చూడటానికి మనుమలు గృహస్థుని అనుమతి అడగవలసి వచ్చేది.

ఫోర్డుకు పట్టిన అదృష్టం అన్ని ఊళ్ళకూ పట్టలేదు. పొలంపనికి యంత్రాలు వచ్చి పల్లెజనం పలుచబడినది. 1926లో హేడో నివేదిక పదకొండేళ్ళు దాటినవారికి వేరే బడి ఉండాలన్నది; 1944 చట్టం ఆ విభజనను స్థిరపరచినది. పెద్దపిల్లలు బస్సెక్కి పట్నానికి పోగా, మిగిలిన పదిహేనుమంది చిన్నపిల్లలకు ఒక భవనమూ ఒక ఉపాధ్యాయురాలూ దండుగని అధికారులకు తోచినది. బడులు మూతపడినవి. అప్పుడు 1841 నాటి ఎకరం నిద్ర లేచినది. పేదల చదువుకు వాడటం మానిననాడు ఆ నేల దాత ఎస్టేటుకు తిరిగి చెందుతుందని ఆ చట్టంలో ఒక మాట ఉన్నది. నూరేళ్ళ తరువాత, దాత మునిమనుమలెక్కడున్నారో వెదకి, ఉన్నవారిలో ఎవరికి ఎంత వాటా అని న్యాయవాదులు తలలు పట్టుకున్నారు. ఈ చిక్కు తీర్చటానికి 1987లో పార్లమెంటు మరొక చట్టం చేసినది: భవనం ధర్మకర్తల చేతిలోనే ఉంటుంది, హక్కుదారులకు దాని విలువ మీద హక్కు ఉంటుంది.

చట్టం పదునుగానే ఉన్నది. న్యాయం మాట వేరు. నేల ఇచ్చినవాని వంశానికి హక్కు వ్రాసినారు. 1891లో ఉచితవిద్య వచ్చేదాకా వారంవారం పెన్నీలు తెచ్చి చెల్లించిన కూలివాని వంశానికి ఏమి వ్రాసినారు? కప్పు మరమ్మతుకు ఊరు వేసుకున్న చందాకు ఏమి వ్రాసినారు? అమ్మకానికి పెట్టిన పాతబడికి పట్నవాసులు మంచి ధర ఇస్తారు. ఊరు ఆ ధర ఇవ్వలేదు. ఫ్లోరా థాంప్సన్ చదివిన కాటిస్‌ఫర్డు బడి ఇప్పుడు ఒకరి నివాసగృహం. గ్రంథం చదివి వచ్చినవారు దానిని రోడ్డుమీదినుంచి చూసి పోవలసిందే.

ఇల్లుగా మార్చటాన్ని సమర్థించేవారికీ వాదం ఉన్నది. సొంతదారుకు డబ్బుంటుంది, కప్పు కారనివ్వడు, గోడ కూలనివ్వడు. ఊరి హాలుకు మాత్రం వంతులవారీగా పనిచేసే నలుగురు స్వచ్ఛందులు, ఎప్పుడూ చాలని నిధి. ఈ మాట అబద్ధం కాదు. కాని ఇంటివాడు కాపాడేది తొడుగును మాత్రమే. ఆ ఏకశాలలో సంసారం చేయలేడు కనుక నడిమికి అంతస్తు వేస్తాడు. ఎత్తైన కిటికీ సగాన నరికినట్లై, కింది సగం వంటింటికి, పై సగం పడకగదికి పోతుంది. దూలాలు మంచంమీదికి వంగుతవి. కప్పులో కొత్త వెలుతురు కిటికీలు తొలుస్తాడు. బయట గంటగూడు పదిలం. ఏ వెడల్పుకోసం, ఏ ఎత్తుకోసం ఆ భవనం పుట్టినదో అది లోపల లేదు. హాలుగా మార్చినవారికి పెద్ద శాల అట్లాగే కావాలి. పక్క తరగతిగది వంటశాల అవుతుంది, బాలికల వాకిలి చక్రాల కుర్చీకి వాలుదారి అవుతుంది, అంతే. వారిలోనూ తప్పుచేసేవారున్నారు: చలికి జడిసి దూలాల కింద చదునైన అట్టకప్పు బిగించినవారు, చిన్న శాలను రెండు చేసి రెండూ పనికిరాకుండా చేసినవారు. చలి నిజమే, దానికి మందు కప్పు పలకల కింద వేడినాపే పొర వేయటం, మంచి పొయ్యి పెట్టటం. ఎత్తును దాచి సాధించేది తక్కువ.

పల్లెకు సభామందిరం కావాలంటే బడి చావవలసిందేనా అన్న ప్రశ్నను 1924లోనే ఒక విద్యాధికారి వేసుకున్నాడు. ఆయన కేంబ్రిడ్జిషైరులో పనిచేసిన హెన్రీ మారిస్. బడి, గ్రంథాలయం, సభాశాల, పెద్దల రాత్రితరగతులు అన్నీ ఒకే ప్రాంగణంలో ఉండాలని ఆయన ప్రతిపాదన. దాని ప్రకారం సాస్టన్‌లో మొదటి గ్రామకళాశాల 1930లో తెరిచినారు. 1939లో ఇంపింగ్టన్‌లో వెలసిన దానికి జర్మనీనుంచి ప్రవాసం వచ్చిన గ్రోపియస్, మాక్స్‌వెల్ ఫ్రైతో కలిసి పటం గీసినాడు. అక్కడి కిటికీలు నేలకు దగ్గరగా దిగి, తోటను లోనికి రానిచ్చినవి. విక్టోరియాకాలపు పల్లెబడిలో మంచి అంతా నిలిపి, దాని ఎత్తైన గట్టును మాత్రం దించినట్లు. ఆయన చెప్పినట్లు దేశమంతటా జరిగి ఉంటే, వందల పల్లెలలో బడికి తాళం పడి మరీ హాలు పుట్టవలసిన అగత్యం తగ్గేది.

తెలుగుదేశపు వీధిబడికి ఈ చిక్కే లేదు. దానికి సొంత గది ఉంటే గదా! ఒకరి అరుగు, ఒక గుడి మంటపం, ఒక చెట్టునీడ. పిల్లలు లేచి వెళ్ళగానే పెద్దలు చేరేవారు. పక్కా భవనాలు వచ్చిన తరువాత ప్రహరీగోడలు, తాళాలు, రిజిస్టర్లు వచ్చినవి. అయినా ఎన్నికలనాడు మన ఊళ్ళలో కూడా పోలింగు కేంద్రం సాధారణంగా బడిగదే. ముందురోజు సాయంత్రం బల్లలు గోడవారకు జరుపుతారు, నల్లబల్లమీద పాఠం చెరిపి కేంద్రం సంఖ్య వ్రాస్తారు, మూలన అట్టతో మరుగు కడతారు. ఆ పనిలో నిలబడేది చాలావరకు ఉపాధ్యాయులే. మరునాడు పిల్లలు వచ్చేసరికి బల్లలు మళ్ళీ వరుసలో ఉంటవి. వేలిమీద సిరాచుక్కతో పాఠం మొదలవుతుంది.